పాత బుల్లెట్‌కు ఏ కార్బరేటర్?

అన్నలారా, ఇంట్లో పాత బుల్లెట్ 350 ఉంటే, సామాను కోసం నంద్యాలకు పోయే ముందు ఇది చదవండి.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టిన కాలంలో బుల్లెట్‌కు ఉండింది ఇంగ్లండు అమల్. తర్వాత విలియర్స్, ఆ వెనక జపాన్ మికుని పద్ధతిలో మన దేశంలోనే చేసిన మిక్‌కార్బ్. 2020లో బీఎస్-6 వచ్చినాక కొత్త బుల్లెట్‌కు కార్బరేటరే లేదు, ఇంజెక్షనే.

మా నాయన బండికి అమల్ స్లైడు అరిగి, గాలి దూరి, స్లోలో నిలబడేది కాదు. ఆళ్లగడ్డ చేరేలోపల రెండుసార్లు ఆగేది. 'పెద్దది, 28 పెట్టు, పికప్ వస్తాది' అన్నారు ఒకరు. అది 500 సీసీ బండికి వచ్చేది. 350కి అంత రంధ్రమైతే గాలి వేగం తగ్గి, నిదానంగా పోయేటప్పుడు పెట్రోలు సరిగ్గా గుంజదు. మనం పోయేది పొలం దారిలో కదా! 24 మిల్లీమీటర్లదే పెట్టించినా.

అమల్‌ను అమ్మమని అడిగినారు. ఇయ్యలేదు. గుడ్డలో చుట్టి నాయన ట్రంకుపెట్టెలో పెట్టినా.