బండల సీమలో బెంజి లారీ

జర్మను దేశమున పుట్టిన పాత వాహనమును వెదకి కొనుట, కొన్నదానిని తన యవసరమునకును అభిరుచికిని అనుగుణముగా మార్చుకొనుట, దాని యంత్రధ్వనిలోని స్వల్పభేదమునైనను చెవితో గుర్తించుట అను వ్యసనమును గూర్చి ప్రస్తావము రాగానే మన మనస్సు సంస్థానాధీశుల వాహనశాలల వైపునకో, మహానగరములలోని సంపన్నుల ముంగిళ్ల వైపునకో పోవును. కర్నూలు, కడప మండలములలో ఆ ప్రీతికి పుట్టినిల్లు రాతిగని. దానిని పెంచి పోషించినవారు లారీ యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కులు, కమ్మరులు, వడ్రంగులు. ఈ సీమ చరిత్రను వ్రాసినవారు పాళెగాండ్రను, నవాబులను, కరవులను వర్ణించినంత శ్రద్ధతో ఈ శ్రామికుల యంత్రవిద్యను వర్ణింపలేదు. ఆ కొరతను కొంతయైనను తీర్పవలెనను తలంపే ఈ వ్యాసమునకు కారణము.

ముందుగా భూమిని గూర్చి చెప్పవలెను. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రవేత్త 1872లో ప్రకటించిన గ్రంథము మొదలుకొని శాస్త్రలోకమున కడప, కర్నూలు అను పేర్లు శిలాసంహతులకే పేర్లైనవి. పొరలు పొరలుగా చీలివచ్చు నల్లని సున్నపురాయి ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతములందును, నేలపఱపునకు అనువైన బండ బేతంచెర్ల యందును, ప్రపంచమున కెల్ల పెద్దదని పేరుపొందిన ముగ్గురాయి నిక్షేపము మంగంపేట యందును కలవు. వానలు కురియక పైరు ఎండినను, నేలక్రింది రాయి ఎండునది కాదు కదా! అయితే రాతిని త్రవ్వుట యొక యెత్తు, దానిని కొనువాని యింటి ముంగిట దింపుట మరియొక యెత్తు. మద్రాసునుండి బొంబాయికి పోవు రైలుమార్గము కడప మీదుగా సాగి 1871లో రాయచూరువద్ద పడమటి మార్గముతో కలిసెను. నీటిపాఱుదలకే గాక పడవల రాకపోకలకును ఉద్దేశించి ఒక ఆంగ్లేయ కంపెనీ త్రవ్వించిన కర్నూలు కడప కాలువ లాభింపక 1882లో ప్రభుత్వము చేతికి వచ్చెను. ఈ రెండును గని అంచువరకు పోజాలనివి. గనినుండి స్టేషనుకును, స్టేషనునుండి కట్టడమునకును నడుమనున్న దూరమంతయు ఎద్దులబండిదే.

మోటారు లారీ వచ్చిన తొలినాళ్లలో అది పెట్రోలు త్రాగు అమెరికా, ఇంగ్లాండు బండి. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలునకు రేషను ఏర్పడినపుడు బస్సుల వెనుక బొగ్గుకొలుములు తగిలించి, ఆ పొగతో ఇంజనులను నడుపవలసి వచ్చినది. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము, విడిభాగములను తెచ్చి ఇచట కూర్చుటతో సరిపుచ్చక వాహనమును ఈ దేశముననే తయారుచేయ నొప్పుకొనిన సంస్థలకు మాత్రమే తావిచ్చు విధానము నవలంబించుటచే, జనరల్ మోటార్సు, ఫోర్డు సంస్థలు తమ కూర్పుశాలలను మూసికొని వెడలినవి. ఆ శూన్యమున ప్రవేశించినది టాటావారి టెల్కో. రైలింజనులు చేయుటకై 1945లో జంషెడ్‌పూరున స్థాపితమైన ఆ సంస్థ 1954లో జర్మనీలోని డైమ్లర్-బెంజి సంస్థతో పదునైదేండ్ల ఒడంబడిక కుదుర్చుకొని, ఆ యేటనే తొలి లారీని వెలువరించెను. అపుడు కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని. మద్రాసులో సుందరం ఫైనాన్సు సంస్థ అదే సంవత్సరమున పుట్టి, వాయిదాలపై లారీ కొనగోరు దక్షిణదేశీయులకు అండగా నిలిచెను.

ఆ తొలి లారీ పేరు ఎల్-312. ముందునకు పొడుచుకొనివచ్చిన బానెట్టు, దాని మొగమున మూడు కోణముల నక్షత్రము, లోపల ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను. ఆ సిలిండర్ల పరిమాణమంతయు కలిపి సుమారు 4.6 లీటర్లు. పెట్రోలు ఇంజనునందువలె ఇందు నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గు లేదు. గాలిని మిక్కిలిగా నొత్తుటచే పుట్టిన వేడిమిచేతనే, సన్నని తుంపరగా చిమ్మబడిన నూనె తనంత తాను మండును. ఈ సూత్రమును కనుగొనిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గున తన యంత్రమును నడిపి చూపెను. 1900లో పారిసు ప్రదర్శనమున అట్టి యంత్రమొకటి వేరుశనగ నూనెతో నడువబడినదన్న సంగతి, ఆ పైరునే నమ్ముకొని బ్రదుకుచున్న మన రైతులకు తెలిసియుండినచో ఎంత సంతోషించియుందురో! డీజిలు ఇంజనునకు ప్రాణస్థానము నూనెను కొలిచి చిమ్ము పంపు. దానిని జర్మనీలోని బాష్ సంస్థ సాయముతో 1951లో నెలకొనిన మైకో సంస్థ బెంగుళూరులో చేయసాగెను. ఇట్లు ఇంజనును, దానికి నూనె నందించు పంపును రెండును జర్మను వంశజములై ఈ దేశముననే పుట్టినవి. దూరదేశమునుండి విడిభాగమునకై ఎదురుచూడ నక్కరలేని ఈ యేర్పాటే బెంజి లారీని ఎండుసీమలో నిలిపినదని నా నిశ్చితాభిప్రాయము.

కొనువానికి వచ్చునది సంపూర్ణమగు లారీ కాదు, ఇంజనును చక్రములును గల చట్రము, అనగా చాసిస్ మాత్రమే. నాలుగువైపులును బోసిగానున్న దానిపై ఒక పెట్టెను ఆసనముగా వేసికొని, ముక్కునకును చెవులకును తువాలు చుట్టుకొని, ఎండకును దుమ్మునకును ఓర్చి డ్రైవరు జంషెడ్‌పూరునుండి దానిని నడుపుకొని వచ్చెడివాడు. అప్పటినుండి పని వడ్రంగిది. బండి చక్రముల ఆకులు చెక్కి, ఇరుసు కమర్చిన చేతులే తుమ్మమ్రానుతో తొట్టి పలకలు కోసి, టేకుతో క్యాబిను నిలిపి, నిద్రించుటకు వెనుక బల్లను అమర్చెడివి. సంపన్నుడు విజయవాడ ఆటోనగరమునకు పంపించుకొనును. తక్కినవారికి ఊరి షెడ్డే గతి. క్యాబిను నుదుట అహోబల నరసింహుడు, శ్రీశైల మల్లన్న, ఒంటిమిట్ట రాముడు, కడప పెద్దదర్గా, యజమాని భక్తిని బట్టి వెలయుచుండిరి. ఒక్కొక్కచో ఇరువురు ముగ్గురును ఒకే పలకపై కలిసియుండుట కద్దు. ఆయుధపూజనాడు గుమ్మడికాయ పగిలిన పిమ్మటగాని బండి గనికి పోయెడిది కాదు.

కొత్త చాసిస్‌నకు వంతు వచ్చువరకు నిరీక్షింపవలసిన ఆ దినములలో పాతబండి బేరము ఒక మహాశాస్త్రమై వర్ధిల్లినది. ఆ శాస్త్రమున ఆఱితేరిన మేస్త్రీని వెంటగొనిపోక ఎవడును బయానా ఇచ్చెడివాడు కాడు. మేస్త్రీ చేరుట తెల్లవారుజామున. చేరగనే చేయి పెట్టుట ఇంజను మీద. అది వెచ్చగానుండినచో, అమ్మువాడు ముందే నడిపి దాని బద్ధకమును దాచినాడని యర్థము. చల్లారిన ఇంజనును తిప్పి, ఎంతసేపటికి అంటుకొనునో, మొదటి పొగ ఏ వన్నెదో చూచును. కొంతసేపుండి పోవు తెల్లపొగకు వెఱపులేదు. నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నదని, రింగులును లైనర్లును అరిగినవని, నల్లపొగ విడువకుండినచో నాజిళ్లో పంపో చెడినవని గ్రహించును. ఆయిలు పోయు మూత తీసి అరచేయి అడ్డముంచి, ఎగదన్ను ఆవిరిని బట్టి "బ్యాక్ కంప్రెషన్" ఎంతయున్నదో నిర్ణయించును. పిమ్మట వెల్లకిలపడి చాసిస్ క్రిందికి జారి, కొత్తగా పూసిన నల్లరంగు ఎచ్చట దట్టముగానున్నదో అచ్చటనే గోటితో గీకి చూచును. రంగు మాటున వెల్డింగు అతుకు బయటపడుట అరుదు కాదు. కమాను కట్టల వంపు, స్టీరింగులోని ఆట, దిగుడులో గేరు తనంతట విడిపోవు జాడ్యము, వీనినెల్ల పరీక్షించిన తరువాతనే ఆర్.సి. పుస్తకము, పర్మిట్టు, ఫైనాన్సు బాకీ అను కాగితముల కాండము.

"ఏమన్నా, హాఫ్ ఇంజను పనితో సరిపోతుందా?" అని కొనువాడు మెల్లగా అడుగును. "లేదప్పా, క్రాంకు కూడా దించాల్సిందే. ధర తగ్గించి అడుగు" అని మేస్త్రీ యనును. ఈ రెండు మాటలపై వేలరూపాయలు అటునిటు మాఱుచుండెను. తన పరువు ఆ మాటను పట్టియుండుట చేత మేస్త్రీ అబద్ధమాడ వెఱచెడివాడు. కర్నూలు, కడప పట్టణములలో ఈ విద్య నార్జించిన వారిలో ముసల్మానులు, దూదేకులవారు అనేకులు. బడిలో నాలుగక్షరములు నేర్వకయే, జర్మను ఇంజనీర్లు గీచిన కొలతలను వట్టిచేతి స్పర్శతో పోల్చుకొనగల ఆ ఉస్తాదుల యెడ నాకుగల గౌరవము మాటలకు లోబడునది కాదు. ఊర దొరకని సామానునకై వారు బెంగుళూరు జె.సి. రోడ్డునకో, మద్రాసు పుదుపేటకో రాత్రి బస్సెక్కి పోయెడివారు.

మార్పుల సంగతికి వత్తము. తదుపరి వచ్చిన 1210 అను బండి పేరులోనే దాని శక్తి సూచితము: సరకుతో కూడిన మొత్తపు బరువు 12 టన్నులు, బలము సుమారు 100 గుర్రములు. అనగా మోయదగిన సరకు ఏడెనిమిది టన్నులు. ముగ్గురాయి ఘనమీటరునకు నాలుగు టన్నులకు పైగా తూగును. కావున రెండు ఘనమీటర్లు పడునప్పటికే బండికి నిండుబరువు. చూచువానికి మాత్రము తొట్టి అడుగు కప్పబడినట్లే యుండును. చమురుబావులు త్రవ్వువారు ఈ రాతిపొడిని కోరుట దాని బరువు కొఱకే. లారీవాని కష్టమునకును ఆ బరువే మూలము. కన్ను చాలదన్నచో నింపు చేయి ఊరకుండదు. ఆ అధికభారము నోర్చుటకై కమాను కట్టకు అదనపు పట్టీలు పడినవి. చాసిస్ కమ్మీకి లోపల మరియొక కమ్మీ చేరినది. తొట్టి అడుగున ఇనుపరేకు పఱచిరి. ఇంతవరకు అది బుద్ధికుశలత. ఇకపైన సాహసము: పంపు సీలు తెంపి, నూనె ఎక్కువ చిమ్మునట్లు మరను త్రిప్పి, "పంపు పెంచితిమి" అని చెప్పుకొనుట. ఎత్తున బండి ఉఱుకునన్నది నిజమే. కాని పొగ నల్లబడును, వేడిమి పెరిగి పిస్టను తలలు పగులును. మంచి మేస్త్రీలు పంపును పరీక్షాయంత్రమున కెక్కించి, లెక్కకు సరిపెట్టి, సీలు వేయించి మాత్రమే తెచ్చెడివారు. మరను త్రిప్పనివాడే ఈ విద్యలో పెద్దవాడని నేను నమ్ముదును.

బలము పెంచినంత సులభముగా నిలుపుదల పెరుగదు. కడపనుండి రాయచోటికి పోవు త్రోవలో గువ్వలచెరువు కనుమ దిగునపుడు ఈ సత్యము డ్రైవరునకు తెలిసివచ్చును. ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెననునది పెద్దల యాజ్ఞ. బ్రేకునే నమ్మక ఇంజను బిగువున బండిని అదుపున నుంచవలెను. అధికభారముతో న్యూట్రలున దిగి, బ్రేకులు కాలి, లోయల పాలైన బండ్లెన్నియో. కనుమమీది ఊరిలో పాలకోవా కొని, చక్రపు డ్రమ్ములు చల్లారువరకు చెట్టుక్రింద కూర్చుండిన జాగ్రత్తపరుడే తన బండిని ఇరువదేండ్లు నడిపెను. నంద్యాలనుండి గిద్దలూరునకు నల్లమలను దాటు ఘాటుదారియందును ఇదే నియమము.

ఒడంబడిక గడువు 1969లో ముగియగా లారీ మొగమునుండి నక్షత్రము తొలగి, టాటావారి చిహ్నము వచ్చినది. అదే యేట పదునాలుగు బ్యాంకులు జాతీయములై చిన్న రవాణాదారులకు అప్పు సుకరమైనది. 1975లో నేషనల్ పర్మిట్ పథకము రాగా కడప బండ దూరరాష్ట్రములకు తిన్నగా పోజొచ్చినది. కాని పాత నక్షత్రమును భద్రపఱచుకొని, కొత్త క్యాబినునకు మరల బిగించుకొనినవారు లేకపోలేదు. ఆ పనికి అక్కఱ యేమియు లేదు, లాభము సున్న. ప్రీతి యన నదియే.

జర్మను యంత్రము లారీని దాటి చిన్నబండ్లలోనికి వచ్చుటకు మరికొంతకాలము పట్టినది. బజాజ్ టెంపో సంస్థ బెంజివారి ఒ.ఎం. 616 అను నాలుగు సిలిండర్ల డీజిలు ఇంజనును అనుమతితో ఇచట తయారుచేసి, ట్రాక్సు వంటి బండ్లకు అమర్చినది. పెట్రోలు ధరకు జడిసిన అంబాసిడరు, జీపుల యజమానులు పాత డీజిలు ఇంజనులను కొని తమ బండ్లకు దింపించుకొనిరి. ఇంజను గద్దెలు మార్చుట, గేరుబాక్సు కొలత కుదుర్చుట, రేడియేటరును పెద్దదిచేయుట, ముందు కమానులు గట్టిపఱచుట అను పనులన్నియు లారీషెడ్డులలో చేయి తిరిగినవారివే. 1995లో పూనాలో టెల్కో ప్రాంగణముననే బెంజి కారు తయారగుట మొదలైనది.

నేటి యువకులు బెంగుళూరునుండియు హైదరాబాదునుండియు పాత జర్మను కార్లు కొనితెచ్చి, పంపు మరకు బదులు ఇంజనును శాసించు కంప్యూటరులోని లెక్కలను మార్పించుచున్నారు. బలము పెరుగునపుడు బ్రేకును, టైరును, చల్లదనమును పెంపవలెనను నియమము వారికిని తప్పదు. చట్టమును ఎరుగవలెను: 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన స్వరూపమును మార్చుటను నిషేధించుచున్నది, 2019 జనవరిలో సుప్రీంకోర్టును దానిని స్థిరపఱచినది. ఇంజను మార్చదలచినవాడు ముందుగా రిజిస్టరు చేయు అధికారి యనుమతి పొందవలెను.

మూతిబండ్లని పేరుపొందిన ఆ తొలి బెంజి లారీలు తుక్కుకొట్లకు తరలిపోయినవి. శిలావిగ్రహములను కాపాడుచున్న కడపలోని భగవాన్ మహావీర ప్రభుత్వ మ్యూజియం ఆవరణమున, ఈ సీమ బండలను మోసిన ఎల్-312 ఒకటి, తుమ్మపలకల తొట్టితో, నడుచు స్థితిలో నిలుపవలెనని నేను కోరుచున్నాను. దానిని విప్పి తిరిగి కూర్పగల ఉస్తాదులు ఇంకను కొందరు జీవించియున్నారు. వారు చెప్పు కొలతలను, కిటుకులను వ్రాసికొనుటకు ఒక పాలిటెక్నికు విద్యార్థియు, ఒక నోటుపుస్తకమును చాలును. ఈ పని ఈ వేసవిలోనే మొదలిడవలెను.