ఎడమచేతి పిస్టల్

మన వాళ్ళ అమ్మాయి ఒకతె పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. పుట్టుకతో ఎడమచేతి వాటం. చవగ్గా వస్తోందని ఇంట్లో కుడిచేతి పిడి ఉన్న పాత పిస్టల్ కొనబోతున్నారు. "హంగేరీ టకాచ్ చెయ్యి మార్చుకోలేదా?" అని పోయిన మీటింగులో ఒక పెద్దాయన అన్నారు.

ఆ కథ మేమూ ఎరుగుదుం. కారోయ్ టకాచ్ సైన్యంలో సార్జెంటు. ఆఫీసరు కాదని 1936 ఒలింపిక్స్‌కు పంపలేదు. 1938లో గ్రెనేడు పేలి కుడిచెయ్యి పాడైంది. ఎడమచేత్తో సాధన చేసి 1948 లండన్‌లో 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు, బంగారు పతకం. 1952 హెల్సింకీలో మళ్ళీ బంగారమే. రాస్తుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది. అయితే ఆయన వేరే దారి లేక మార్చుకున్నాడు. ఈ పిల్లకు చెయ్యి బాగానే ఉంది కదండీ!

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ లాగే బరువు 500 గ్రాములకు తగ్గకూడదు, పిస్టల్ 1500 గ్రాములు దాటకూడదు. పోటీకని చేసిన మంచి పిస్టల్ ఏదైనా ఈ లెక్కలో ఉంటుంది. తేడా అంతా పిడిలోనే. అరచెయ్యి ఆనే మెట్టు, బొటనవేలి చోటు కుడికొకటి, ఎడమకొకటి. అది కుదరకపోతే ప్రతి గుండుకూ పట్టు మారిపోతుంది.

ఆ పిస్టల్‌కే ఎడమచేతి పిడి విడిగా దొరుకుతుందేమో ముందు అడగండి. దాని ఖర్చు ఉగాది చందాలో మిగిలిన సొమ్ములోంచి ఇద్దామని ఆదివారం మీటింగులో అడుగుతాం.