జపమాలతో కొలిచిన టిబెట్

1802లో మద్రాసు దగ్గర మొదలైన త్రికోణమితి సర్వే 1860ల నాటికి హిమాలయాల దాకా పాకింది. అవతలి టిబెట్ మాత్రం పటంలో చాలావరకు ఖాళీగానే ఉండిపోయింది. తెల్లవాళ్లకు అక్కడ ప్రవేశం లేదు. అందుకని సర్వే అధికారి థామస్ మాంట్‌గొమరీ, సరిహద్దు కొండల మనుషులకే కొలతలు నేర్పి, వేషం మార్పించి పంపడం మొదలుపెట్టాడు. అది భూగోళ శాస్త్రమా, గూఢచర్యమా అంటే రెండూనూ.

వీళ్లలో పేరుమోసినవాడు నైన్‌సింగ్ రావత్. కుమావూ కొండల్లో మిలాం ఊరివాడు, బడిపంతులు. డెహ్రాడూన్‌లో అతనికి నేర్పిన మొదటి విద్య నడక: ఎక్కుడైనా దిగుడైనా అంగ పొడవు మారకూడదు. 2,000 అంగలైతే ఒక మైలు. మామూలు జపమాలకు 108 పూసలుంటాయి. అతని మాలకు నూరే. వంద అంగలకు ఒక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి ఐదు మైళ్లు. మంత్రాల కాగితం ఉండాల్సిన ప్రార్థన చక్రంలో లెక్కలు రాసిన చీటీలు దాగేవి. పాదరసం గవ్వల్లో పోసి తీసుకెళ్లేవాడు. నక్షత్రాల ఎత్తు కొలవడానికి అదే అద్దం. నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో చూసి ఆ చోటి ఎత్తు కట్టేవాడు. 1865లో బయల్దేరి, మరుసటి జనవరికి లాసా చేరాడు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి బంగారు పతకం ఇచ్చింది.

అందరికీ అంత గుర్తింపు దక్కలేదు. టిబెట్‌లోని సాంగ్‌పో, అస్సాంలోని బ్రహ్మపుత్ర ఒకే నది అవునో కాదో తేల్చడానికి 1880లో ఒక లామాను పంపారు. అతని వెంట వెళ్లిన కింథప్‌కు చదువు రాదు. దారిలో లామా అతన్ని బానిసగా అమ్మేసి తన దారి తాను చూసుకున్నాడు. కింథప్ తప్పించుకుని ఒక మఠంలో చేరాడు. తీర్థయాత్రకని సెలవడిగి 500 దుంగలు నరికి గుర్తులు పెట్టాడు. ఫలానా రోజుల్లో అస్సాంలో వాటికోసం కాపు కాయమని ఉత్తరం రాయించి పంపాడు. చెప్పిన రోజు నుంచి రోజుకు 50 చొప్పున నదిలో వదిలాడు. ఆ ఉత్తరం అందాల్సిన అధికారి అప్పటికే ఇండియా వదిలిపోయాడు. దుంగలు ఎవరి కంటా పడలేదు.

1884లో కింథప్ తిరిగొచ్చి చూసింది చెబితే పూర్తిగా నమ్మినవాళ్లు తక్కువ. 1913లో బ్రిటిష్ అధికారులు బెయిలీ, మోర్స్‌హెడ్ ఆ నది లోయలు తిరిగి చూశాకే అతని మాట చాలావరకు నిజమని తేలింది. బెయిలీ పట్టుబట్టి సర్కారు చేత వెయ్యి రూపాయలు ఇప్పించాడు. ఆ డబ్బు అందుకున్న కొద్ది నెలలకే కింథప్ చనిపోయాడు.