తిరిగొచ్చిన కవరు

1892 జనవరి 1న న్యూయార్క్ ఎల్లిస్ దీవిలో వలస కేంద్రం తెరిచినప్పుడు, మొదట పేరు రాయించుకున్నది ఆనీ మూర్ అనే ఐరిష్ అమ్మాయి. అమ్మానాన్నలు అప్పటికే న్యూయార్క్‌లో ఉన్నారు. ఓడలో ఇద్దరు తమ్ముళ్లకు పెద్దదిక్కు ఆ పిల్లే. పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా రావడం అమెరికాకు మొదటినుంచీ ఉన్నదే. వాళ్లను ఏం చేయాలన్నదే ఎప్పుడూ ఒక్కతీరుగా లేదు. 1939లో హిట్లర్ పాలన నుంచి 20,000 మంది పిల్లల్ని తెచ్చుకుందామన్న బిల్లు ఓటింగు దాకా కూడా రాలేదు. 1960-62 మధ్య క్యూబా నుంచి ఒంటరిగా దిగిన 14,000 మందికి పైగా పిల్లల్ని మాత్రం అక్కున చేర్చుకున్నారు.

ఇలా వచ్చే పిల్లల సంగతి ఇప్పుడు రెండు చోట్ల తేలాలి. అమెరికాలో పిల్లల కోర్టులు రాష్ట్రాలవి. మొదటిది 1899లో షికాగోలో పెట్టారు. వలస వ్యవహారమంతా కేంద్రానిది. ఈ రెండింటినీ ముడివేసింది 1990 నాటి చట్టం. దాంతో వచ్చిందే స్పెషల్ ఇమ్మిగ్రెంట్ జువెనైల్ హోదా. తల్లో తండ్రో హింసించారనో, గాలికొదిలేశారనో, మళ్లీ వాళ్ల దగ్గరికి చేర్చే వీల్లేదనీ, సొంత దేశానికి పంపడం బిడ్డకు మేలు కాదనీ రాష్ట్ర కోర్టు తేల్చాలి. ఆ ఉత్తర్వుతో కేంద్రానికి అర్జీ పెట్టుకోవాలి. అప్పటికి 21 నిండకూడదు, పెళ్లి కాకూడదు. ఇద్దరిలో ఒకరు వదిలేసినా చాలునని 2008లో సవరించారు. ఈ దారిన గ్రీన్‌కార్డు వచ్చినా, దాని ఆధారంగా కన్నవాళ్లను తెచ్చుకోవడం ఎప్పటికీ కుదరదు.

ఈ హోదా కోసం కోర్టులో జరిగే పనిని నేను మొదటిసారి దగ్గరగా చూసింది న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో. హోండురాస్ నుంచి వచ్చిన పదహారేళ్ల అబ్బాయినీ వాళ్ల పిన్నినీ కారులో కోర్టుకు తీసుకెళ్లాను. పిన్నిని గార్డియన్‌గా వేయాలంటే తండ్రికి నోటీసు పంపాలి. పంపిన కవరు విప్పకుండానే తిరిగొచ్చింది. వాళ్ల లాయరమ్మ దాన్ని ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టింది. ఆ తండ్రి లేడనడానికి అదీ ఒక సాక్ష్యమే. ఆ అబ్బాయి కవరు మీద నాన్న పేరు ఉన్నచోట వేలు పెట్టి, తీయలేదు.

ఆ లాయరు డబ్బు తీసుకోలేదు. దొంగతనం కేసులో పట్టుబడ్డ పిల్లవాడి ఇంట్లో లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే, ప్రభుత్వమే పెట్టాలని 1967లో గాల్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దేశం నుంచి పంపేసే కేసు సివిల్ కింద లెక్క కాబట్టి అక్కడ ఆ హక్కు లేదు. అయిదేళ్ల బిడ్డకైనా లేదు. ఇంత పెద్ద దేశానికి ఇది తగదని నా నమ్మకం. ఆ లోటును కైండ్ లాంటి స్వచ్ఛంద సంస్థలు కొంత పూడుస్తున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇమ్మిగ్రెంట్ లీగల్ రిసోర్స్ సెంటర్ ఈ చట్టం మీద లాయర్లకు కరదీపికలు రాసి శిక్షణ ఇస్తోంది. రాష్ట్ర కోర్టు ఉత్తర్వులో ఒక్క మాట తప్పినా కేంద్రం దగ్గర అర్జీ ఆగిపోవచ్చు, అందుకే ఆ పుస్తకాలకు అంత విలువ.

హోదా వచ్చినంత మాత్రాన గ్రీన్‌కార్డు రాదు. ఈ పిల్లల్ని ఉద్యోగాల కోటాలోనే, ఈబీ-4 వరసలో నిలబెట్టారు. ఆ వరస ఏళ్ల తరబడి సాగుతుంది. వేచి ఉన్నన్నాళ్లూ పంపేయకుండా 2022లో ఇచ్చిన వెసులుబాటును 2025లో ప్రభుత్వం ఎత్తేసింది.

ఈబీ-2, ఈబీ-3 అని మన ఇళ్లలో నెలనెలా చూసుకునే వీసా బులెటిన్‌నే ఆ అబ్బాయీ చూస్తున్నాడు. తన వరస ఎలా చదవాలో మొన్న నన్నే అడిగాడు.