చిల్కా సరస్సు – దాని మొగ చరిత్ర

బరంపురమునుండి కటకమునకు పోవు రైలు ఛత్రపురము దాటి రంభను సమీపించునప్పటికి కుడివైపున కొండల నడుమ విశాలమైన జలరాశి కన్పట్టును. క్రొత్తగా చూచువారు దానిని సముద్రమని భ్రమింతురు. అది చిల్కా సరస్సు. వర్షకాలమున దాని వైశాల్యము సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు. వేసవిలో సుమారు 906. భారతదేశమునందలి ఉప్పునీటి సరస్సులలో ఇదియే మిక్కిలి పెద్దది. దీని తరువాతిది మన పులికాటు. గంజాము ఆంధ్రులు తరతరములుగా ఈ సరస్సునకు పొరుగువారై యున్నారు. పండుగప్పకును రొయ్యకును పేరుపడిన ఈ నీరు ఇరువదవ శతాబ్ది చివర చావునకు చేరువయై, మరల బ్రదికినది. ఆ వృత్తాంతమును, అందుండి మనము గ్రహింపదగిన దానిని ఇచట సంగ్రహముగా నివేదింతును.

చిల్కా చిరకాలము రెండు ప్రభుత్వముల నడుమ చీలియుండెను. 1766లో ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారికి సంక్రమించిన పిమ్మట రంభ, ఖల్లికోట ప్రాంతములతోడి దక్షిణపు ఒడ్డు గంజాము జిల్లాలో చేరి చెన్నపట్టణపు ఏలుబడిలో నుండెను. 1803లో మరాఠాలు ఒరిస్సాను కోల్పోయిన తరువాత ఉత్తరభాగము పూరీ జిల్లాతో కలకత్తా ఏలుబడిలోనికి పోయెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ప్రత్యేక రాష్ట్రము ఏర్పడిన తరువాతగాని సరస్సంతయు ఒక్క పాలన క్రిందికి రాలేదు. పూర్వము గంజాము కలెక్టరుగా నుండిన స్నోడ్‌గ్రాస్ దొర రంభలో నీటి యొడ్డున గొప్ప భవనము కట్టించెను. పాలూరు కాలువ సరస్సును ఋషికుల్యా నదీముఖముతో కలిపి నావలకు దారి యిచ్చెను. 1914 మొదలుకొని అన్నన్‌డేల్, కెంప్ అను శాస్త్రజ్ఞులు ఇచటి జీవజాతులను పరిశోధించిరి. రంభకు చేరువనున్న బర్కుడా ద్వీపమున కాళ్లులేని బల్లిజాతి యొకటి కలదని అన్నన్‌డేల్ 1917లో లోకమునకు తెలియజేసెను. ఆ జీవికి ఆ ద్వీపము పేరే నిలిచినది.

ఇట్టి సరస్సు ప్రాణమంతయు దాని మొగలో నున్నది. నీటిపాయ ఇసుకతిన్నెను చీల్చుకొని సముద్రముతో కలియు చోటును మన తీరవాసులు మొగ యందురు. ఒడియావారు ముహాణ మందురు. రెండును ముఖశబ్దమునుండి పుట్టిన మాటలే. ఉత్తరమునుండి దయా, భార్గవి మొదలగు మహానది శాఖలు మంచినీటిని, దానితో ఒండ్రును కొనివచ్చును. మొగనుండి సముద్రపు పోటు ఉప్పునీటిని కొనివచ్చును. ఈ రెంటి కలయికచే సరస్సులో ఒకవైపు మంచినీరు, ఒకవైపు ఉప్పునీరు, నడుమ రెండును కలిసిన నీరు ఏర్పడి, అనేకజాతులకు ఒక్కచోటనే నివాసము కలుగుచున్నది. పండుగప్పయు, పెద్దజాతి రొయ్యలును సముద్రమున గ్రుడ్లు పెట్టును. పిల్లలు మొగ గుండ లోపలికి వచ్చి పెరిగి, పెద్దవై మరల సముద్రమునకు పోవును. మొగ పూడినచో ఈ రాకపోకలు నిలిచిపోవును. ఈ సంగతి మొగ దగ్గర కాపురముండు నోలియాలకు ఒకరు చెప్పనక్కరలేదు. వారి పూర్వులు మన తీరమునుండి తరలిపోయిన మత్స్యకారులు; వారి యిండ్లలో నేటికిని తెలుగు వినబడును.

తీరము వెంబడి కెరటములు ఇసుకను నైరృతినుండి ఈశాన్యమునకు త్రోయుచుండును. దానిచే చిల్కా మొగ క్రమక్రమముగా ఈశాన్యమునకు జరిగెను. సరస్సునకును సముద్రమునకును నడుమనున్న పాయ పొడవై, సన్నమై, మేట వేసెను. పరీవాహకపు కొండలపై అడవులు పలుచబడుటచే వాననీరు మరింత మట్టిని దింపుచుండగా, ఆ మట్టి వెలికి పోవు దారిలేక లోపలనే నిలిచెను. ఉప్పదనము తగ్గినకొలది గుర్రపుడెక్కయు, కిక్కసగడ్డియు విజృంభించెను. 1986-87లో సుమారు 8,900 టన్నులుగా నుండిన చేపల రాబడి 1999-2000 నాటికి సుమారు 1,700 టన్నులకు పడిపోయెను. 1981లో రామ్సార్ ఒడంబడిక క్రింద మనదేశమునుండి మొదట గుర్తింపు పొందిన రెండు జలభూములలో ఒకటియైన చిల్కా, 1993లో ఆ ఒడంబడిక వారి ఆపద్గ్రస్త జలభూముల పట్టికలో చేరవలసివచ్చెను.

రాబడి తగ్గినచోట కలహము పెరుగుట లోకసహజము. రొయ్యకు విదేశములలో గిరాకి కలుగగనే ధనవంతులు సరస్సులో గట్లును వలకట్టులును వేసి నీటిని పంచుకొనజొచ్చిరి. తాతముత్తాతలనాటినుండి వలవేసికొని బ్రదుకువారికి చోటు కరవయ్యెను. 1990 తరువాత తలపెట్టబడిన ఒక పెద్ద రొయ్యలసాగు పథకము మత్స్యకారులును విద్యార్థులును కలసి ప్రతిఘటించుటచే ఆగిపోయెను. 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీంకోర్టు చిల్కాకును పులికాటునకును వేయి మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమ యుండరాదని తీర్పు చెప్పెను. అయినను గట్లు తొలగలేదు. వానిని తామే తొలగింప బూనిన మత్స్యకారులకును ప్రభుత్వమునకును సంఘర్షణ ముదిరి, 1999 మే 29వ తేదీన సొరాణ గ్రామమున పోలీసు కాల్పులలో నలుగురు మరణించిరి. చిల్కా చరిత్ర వ్రాయువారు పక్షులను, చేపలను లెక్కించి ఈ నలుగురిని మరచుట న్యాయము కాదు.

ఇట్టి స్థితిలో చిల్కా అభివృద్ధి ప్రాధికార సంస్థవారు రోగమునకు మూలము మొగయందే యున్నదని గుర్తించిరి. పుణే నగరమునందలి కేంద్ర జల విద్యుత్ పరిశోధనాలయమువారు కెరటముల నడకను, ఇసుక కదలికను పరీక్షించి క్రొత్తమొగ తీయవలసిన చోటును నిర్ణయించిరి. 2000 సెప్టెంబరు 23వ తేదీన ఇసుకతిన్నెను త్రవ్వి సముద్రమును లోపలికి విడిచిరి. నీరు పోవు దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గెను. పోటు మరల లోపలికి ప్రవేశించెను. ఉప్పు తగిలి గుర్రపుడెక్క వెనుకంజవేసెను. నీటి అడుగున సముద్రపుగడ్డి మొలచెను. 2001-02లో చేపల రాబడి సుమారు 12,000 టన్నులకు పెరిగెను. ఎగువ కొండప్రాంతములలో గ్రామస్థుల సహాయముతో చెట్లునాటి, మట్టి కోతను అరికట్టు పనులు సాగించిరి. 2002లో చిల్కా ఆపద్గ్రస్తముల పట్టికనుండి తొలగింపబడెను. ఆసియాఖండమున ఇట్లు తొలగింపబడిన మొదటి జలభూమి ఇదియే.

ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి యను గ్రామము కలదు. అచటి వారిలో అనేకులకు శీతకాలపు పక్షులను వేటాడి అమ్ముట వృత్తిగా నుండెను. 2000 ప్రాంతమున వారిలో కొందరు తుపాకులు విడిచి, పక్షిరక్షణకు సంఘముగా ఏర్పడిరి. పక్షి యెచట దాగునో ఎరిగిన వేటకాండ్రే నేడు యాత్రికులకు పడవ నడపి పక్షులను చూపుచున్నారు. ఇప్పుడు ప్రతి శీతకాలమునను పది లక్షలకు పైగా పక్షులు సరస్సునకు వచ్చుచున్నట్లు గణనలు తెలుపుచున్నవి. ఇరావతీ డాల్ఫిన్లు సుమారు నూటయేబదివరకు ఉన్నవి.

సరస్సు మేలు చేపతోను పక్షితోను ముగియదు. సముద్రపుగడ్డియు దాని క్రింది బురదయు బొగ్గుపులుసు వాయువునుండి గ్రహించిన కర్బనమును చిరకాలము తమలో దాచి, భూమి వేడెక్కుటను తమ పాటి అరికట్టును. వరదనీటిని సరస్సు తనలో ఇముడ్చుకొని ఊళ్లకు కొంత ఊరట యిచ్చును. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినప్పుడు గంజాము ఆంధ్రులు ప్రకృతి బలమును కన్నులార చూచిరి. 2019 మే నెలలో వచ్చిన ఫని తుపాను చిల్కా ఇసుకతిన్నెను చీల్చి క్రొత్తమొగలను తెరచెను. 2000లో మనుష్యులు తీసిన మొగయు తీసినచోటనే నిలిచియుండలేదు. 2008లో సముద్రమే మరియొక మొగ తెరచుకొనెను. కావున పునరుద్ధరణము ఒకమారు చేసి ముగించు పని కాదు. కదలుచుండు నీటిని ఏటేట కనిపెట్టియుండవలెను.

మొగను తెరచుటకు శాస్త్రజ్ఞానమును, యంత్రములును చాలినవి. ఆ పని కొలదికాలమున ముగిసెను. సరస్సు ఎవరిదను ప్రశ్న మాత్రము ఇంకను తెగలేదు. అక్రమపు రొయ్యకట్టులను అధికారులు పలుమారులు తొలగించుచున్నను అవి మరల మొలచుచునే యున్నవి. ఇది చిల్కాకు మాత్రమే చెందిన విషయము కాదు. పులికాటు మొగలు పూడుటచే నెల్లూరు సీమయందును తమిళదేశమునందును మత్స్యకారులు ఇబ్బంది పడుచున్నారు. 2002లో రామ్సార్ గుర్తింపు పొందిన మంచినీటి కొల్లేటిలో 2006లో చేపలచెరువుల గట్లు కొట్టివేయబడెను. అయినను వివాదము సమసిపోలేదు. నీటిని బాగుచేయువారు ఆ నీటిపై బ్రదుకువారి హక్కును గూడ బాగుచేయనిచో, చేసిన మేలు నిలువదని ఈ మూడు సరస్సులును చెప్పుచున్నవి.

మొగ ఎప్పుడు పూడునో, ఏ గాలికి ఏ చేప లోపలికి వచ్చునో నోలియాలకు తెలిసినంత మరియెవరికిని తెలియదు. ఆ జ్ఞానమంతయు వారి నోటి తెలుగులో నున్నది. వారి పిల్లలు నేడు ఒడియా బడులలో చదువుకొనుచున్నారు. గాలుల పేరులు, వలల పేరులు, చేపల పేరులు, మొగ కదలిన తావుల జ్ఞాపకములు పెద్దల నోటనుండి విని వ్రాసి భద్రపరచుట గంజాము తెలుగు సంఘములకు తగిన కార్యము. అది భాషకు సేవ యగును. సరస్సును కాపాడ బూనినవారికి ఆధారము నగును. ఆ పెద్దలు మన నడుమ నుండగనే ఈ కార్యమునకు పూనుకొందుము గాక.