అవకలనంలోని తీసివేత

ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనైనా, అదే మండలంలోని ట్రిపుల్ ఐటీలోనైనా పిల్లల నోట వినిపించే మాట 'డిఫరెన్షియేషన్'. తెలుగు మీడియం ఇంటర్ పుస్తకంలో దాని పేరు అవకలనం. నాకు ఈ పేరే ఇష్టం. 1150 నాటి లీలావతిలో కూడిక సంకలితం, తీసివేత వ్యవకలితం. మన బడిపుస్తకాల వ్యవకలనంలోంచి 'వి' తీసేస్తే మిగిలేది అవకలనమే. కలన అంటే లెక్కించడం. మారిన విలువలోంచి పాత విలువ తీసేసి ఎంత మారిందో చూడడమే కదా దీని పని!

తర్కంలో ఈ మాట ఇంకా బాగా అతుకుతుంది. ప్రవచనానికి రెండే విలువలు: నిజమైతే 1, కాకపోతే 0. సరి, బేసి లెక్కలోలాగే ఇక్కడ ఒకటీ ఒకటీ కూడితే సున్నా. అందుకే సంకలనం, వ్యవకలనం ఒకటైపోతాయి.

బోరులో నీరుంది, త్రీఫేజు కరెంటుంది. రెండూ నిజమైతేనే మోటారు నడుస్తుంది. ఈ రెండు ప్రవచనాలకు మరో రెండు చేర్చుదాం: నీటి సంగతి మారుతుంది, కరెంటు సంగతి మారుతుంది. ఇవే అవకలన చరరాశులు. నాలుగు స్థితులు పదహారవుతాయి. మోటారు ఆగిపోతే మా వైపు రైతు అడిగే 'ఏటి మారింది?' అన్న ప్రశ్నకు తర్కంలో చోటు దొరికినట్టే.

రెండూ ఉన్నప్పుడు ఏ ఒక్కటి పోయినా మోటారు ఆగుతుంది. నీరుండి కరెంటు లేకపోతే, నీరు నిలిచి కరెంటు రావాలి. రెండూ లేనప్పుడు ఒకటి వస్తే చాలదు, రెండూ కలిసి రావాలి. మోటారు స్థితిలో మార్పును సూత్రంగా రాస్తే మూడు పదాల మొత్తం: నీరు ఇంటూ కరెంటు మార్పు, కరెంటు ఇంటూ నీటి మార్పు, రెండు మార్పుల లబ్ధం. మామూలు కలనగణితంలో ఈ మూడోదాన్ని అతిసూక్ష్మమని వదిలేస్తాం. ఇక్కడ వదలడానికి లేదు. సున్నాకూ ఒకటికీ మధ్య చిన్న మార్పంటూ ఉండదు. రెండూ లేని స్థితిలోనైతే మోటారును నడిపించేది ఆ మూడో పదమొక్కటే.

జార్జ్ బూల్ తర్కగ్రంథం 1854లో వచ్చింది, పరిమిత భేదాల కలనం మీద పుస్తకం 1860లో. ఆ రెండు దారులూ కలిసిన చోట పుట్టిన బూలియన్ భేదాన్ని 1968 నాటికి ఇంజనీర్లు సర్క్యూట్లలో లోపాలు పట్టడానికి వాడుతున్నారు. ఏ తీగలో విలువ తారుమారైతే ఫలితం తారుమారవుతుందో అది చెబుతుంది.