ఒంగోలు సంఘము: దైవకార్య చిహ్నములు

ఒక స్థానిక క్రైస్తవ సంఘమున దైవము పనిచేయుచున్నాడని ఆ సంఘీయులు దేనిని చూచి గుర్తింతురు? ఇది వేదాంతుల ప్రశ్నగా తోచును గాని చరిత్రకారునకు సైతము విడువరానిది. దైవము పనిచేసెనా లేదా యని తీర్పు చెప్పుటకు చరిత్రకు సాధనములు లేవు. కాని మనుష్యులు దేనిని చిహ్నముగా గైకొనిరో, ఆ గుర్తింపు వారి నడతను ఎట్లు మార్చెనో పరిశీలించుటకు సాధనములు కలవు. ఈ దృష్టితో మేము ఒంగోలు బాప్టిస్టు సంఘపు తొలి పండ్రెండేండ్ల చరిత్రను ఇచ్చట విచారింప దలచితిమి.

అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో ఆరంభమై, 1840లో నెల్లూరున నెలకొనెను. చాలకాలము వరకు ఫలితము స్వల్పమే. 1853లో అమెరికాయందలి ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ మిషనును విడిచిపెట్టుట మేలు కాదా యను చర్చ పుట్టెను. పటములో ఏకాకిగా నుండుటచే దీనికి 'ఒంటి నక్షత్రము' అను పేరు కలిగినది అప్పుడే. మరుసటి యేడు, 1854 జనవరి 1వ తేదీ వేకువన, లైమన్ జూయెట్ దంపతులును, మువ్వురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు చెంతనున్న కొండనెక్కి, ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. తరువాత అది ప్రార్థన కొండ యని ప్రసిద్ధి చెందెను. ఆనాటికి ఒంగోలున సంఘమే లేదు. తరువాత అచ్చటికి రానున్న జాన్ ఎవరెట్ క్లౌ అమెరికాలో ఇంకను యువకుడు. కావున ఆ ప్రార్థన చిహ్నమైనది జరిగిన దినమున కాదు. పండ్రెండేండ్ల పిమ్మట, 1866లో, క్లౌ ఒంగోలున కాపురము పెట్టిన తరువాతనే. చిహ్నములు పెక్కు వెనుదిరిగి చూచినప్పుడే చిహ్నములగును. సంఘ చరిత్రలు వ్రాయువారు ఈ విషయమును మరువరాదు.

1867 జనవరి 1వ తేదీన ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడెను. ఆ నెలలోనే ఒంగోలునకు పడమట సుమారు నలువది మైళ్ళ దూరముననున్న తలకొండపాడున 28 మంది బాప్తిస్మము పొందిరి. దీనికి మూలపురుషుడు ఎర్రగుంట్ల పేరయ్య. ఈయన మాదిగ కులస్థుడు, తోళ్ళ వర్తకము చేసినవాడు. క్రైస్తవుడు కాకమునుపు వీరమ్మ యను స్త్రీ గురువు వద్ద యోగమార్గమును అభ్యసించెను. దేవుని వెదకుట ఆయనకు మిషనరీలు నేర్పిన విద్య కాదు. పల్లెలలోని గురుశిష్య సంప్రదాయము ఆయన చెవిని ముందే సిద్ధపరచి యుండెను. క్రొత్త మతము మొదట బంధువుల యిండ్లలో, వాడకు వాడగా వ్యాపించుటకు ఇది ముఖ్య కారణమని మేము భావింతుము.

పేరయ్య వర్గమువారు చేరుటతో క్లౌకు ఒక సంకటము కలిగెను. అంతవరకు కొందరు ఉన్నత కులములవారు బోధను ఆదరించుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమని వారు తెలిపిరి. ఆ సమయమున క్లౌ దంపతులు, ఒకరి సంగతి ఒకరెరుగక, వేరువేరుగా బైబిలు తెరవగా ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని ఒకే ఘట్టము కనబడెనట. లోకము హీనులని యెంచువారిని దేవుడు ఎన్నుకొనుటను గూర్చిన ఘట్టమది. దీనిని వారు దైవాజ్ఞగా గ్రహించిరి. ఈ వృత్తాంతము క్లౌ స్మృతులలోనిది. ఆ గ్రంథము 1914లో, అనగా ఆయన మరణించిన నాలుగేండ్లకు వెలువడినది. జ్ఞాపకము సంఘటనకు నునుపు పెట్టియుండవచ్చును. కాని నిర్ణయము మాత్రము నిస్సంశయము: మాదిగలు చేర్చుకొనబడిరి, ఉన్నత కులములవారు దూరమైరి.

చేరినవారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. చదువరులకు ఇవి చిన్న విషయములుగా తోపవచ్చును. కాని నాటి పల్లె యేర్పాటున మాదిగవారు చెప్పులు, మోట బానలు కుట్టియిచ్చి, జాతరలలో డప్పు వాయించి, కళ్ళమున మేర పొందుచుండిరి. డప్పు వాయింపననుట, కోతకాలమున ఆదివారము పొలమునకు రాననుట ఊరి కట్టుబాటును ధిక్కరించుటయే. కొన్ని గ్రామములలో వారికి పని నిలిపిరి, అబద్ధపు నేరములు మోపిరి. ఈ నష్టమునకు ఓర్చి నిలుచుటనే బోధకులు మారిన మనస్సునకు గుర్తుగా గణించిరి. ఇట్టి గుర్తులను చూచియే 1877 నాటికి మూడువేలకు పైగా జనులను సంఘమున చేర్చుకొనిరి.

ఇంతలో 1876-78 నాటి మహాక్షామము వచ్చెను. క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున సుమారు మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు గైకొని వేలమందికి కూలి కల్పించెను. బోధకులే మేస్త్రీలై పని చేయించుచు, విరామ వేళల బోధించిరి. బాప్తిస్మము కోరినవారు అనేకులు. అయినను కూలికొరకు చేరుచున్నారను శంకచే, పదునైదు నెలలపాటు ఒక్కరికిని ఈయలేదు. క్షామ సహాయము ముగియవచ్చిన పిదపనే, 1878 జూన్ మాసమున, తిరిగి ఆరంభించిరి. అప్పుడు ఒంగోలున మశూచికము ఉండుటచే గుండ్లకమ్మ తీరమునగల వెల్లంపల్లి వద్ద జనము గుమికూడెను. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. 2,222 మందికి నీటిలో బాప్తిస్మము ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కొక్క పర్యాయము ఇద్దరు చొప్పున వారు ఏటిలో దిగిరి. క్లౌ స్వయముగా ఒక్కరికిని ఈయలేదు.

వీరు అన్నమునకై మతము మారిరను ఆక్షేపణ నాటినుండియు కలదు. దీనిని త్రోసిపుచ్చుట మా అభిమతము కాదు. కాలువ గట్టున నానా గ్రామములవారును ఒక్కచోట చేరకున్నచో అంతమంది బోధ వినియుండరు. ఆపదలో ఆదుకొన్నవారిపై కృతజ్ఞత, ముందుకాలమున రక్షణ దొరకునను ఆశ కూడ ఉండితీరును. కాని మూడువేల మంది క్షామమునకు ముందే చేరియుండిరి. కూలి దొరకు కాలమున తలుపు మూయబడెను. కూలి ముగిసిన పిదప వచ్చినవారే అధికులు. ఆకలి యను ఒక్క కారణము ఈ మూడింటికిని సరిపడదు. సంఘము అటుపిమ్మట క్షీణింపలేదు. 1890 డిసెంబరు 28న ఒంగోలున మరల ఒక్కదినముననే 1,671 మంది బాప్తిస్మము పొందిరి.

దూరదేశపు పాఠకులకు 2,222 అను సంఖ్యయే దైవకార్యమునకు గొప్ప గుర్తుగా తోచెను. స్థానిక సంఘము చూచిన గుర్తులు వేరు: డప్పు మానిన చేతులు, మేర పోయినను వదలని మాట, త్రోసివేసినను మరల వచ్చిన జనము. ఇవి లెక్కల పుస్తకమున కెక్కవు గాని చరిత్రకు ప్రమాణములే. వెల్లంపల్లి మూడు దినములను స్మరించువారు అంతకు ముందటి పదునైదు నెలల నిరీక్షణను కూడ స్మరింపవలయునని మా మనవి.